మీకు తెలుసా? ముక్కు దారిన ముద్ద!

నోటికో గొంతుకో క్యాన్సర్ వచ్చినవాళ్లకు 'కరెంటు' (రేడియేషన్) పెట్టించేటప్పుడు చాలామందికి ముక్కులోంచి గానీ, నేరుగా పొట్టకు గానీ ఒక సన్నటి పైపు వేస్తారు. జనగామ బస్టాండులోనో, మానుకోట (మహబూబాబాద్) రైల్వే స్టేషన్లోనో, భూపాలపల్లి చౌరస్తాలోనో ముక్కుకు ప్లాస్టరుతో పైపు అంటించుకున్న మనిషి ఎదురైతే మనం గబుక్కున చూపు తిప్పేస్తాం. తిప్పకండి! ఆ పైపు చుట్టూ బోలెడన్ని వింతలున్నాయి. పిల్లలూ, తాతలూ, అందరూ రండి!

● ఈ పేజీ చదివేలోపు మీరు కనీసం రెండు మూడు గుటకలైనా వేస్తారు! మనిషి రోజుకు సుమారు 600 సార్లు మింగుతాడు, నిద్రలో కూడా. ఒక్క గుటకకు దాదాపు 30 కండరాలు కదులుతాయి, ఆ క్షణంలో ఊపిరి తనంతట తానే ఆగిపోతుంది. నమ్మరా? గుటక వేస్తూ గాలి పీల్చి చూడండి!

● ముక్కు పైపును మన ఆస్పత్రుల్లో ఆయా దగ్గర్నుంచి పెద్ద డాక్టరు దాకా అందరూ 'రైల్స్ ట్యూబ్' అంటారు. రైలుకూ దీనికీ ఏ సంబంధమూ లేదు! జాన్ ఆల్‌ఫ్రెడ్ రైల్ అనే ఇంగ్లండు వైద్యుడు 1921లో దీన్ని పరిచయం చేశాడు, అదీ తిండి పెట్టడానికి కాదు, పొట్టలోని రసాన్ని బయటికి తీసి పరీక్షించడానికి.

● ఆ ట్యూబ్ పొడవు ఎంతో చెప్పుకోండి చూద్దాం! మామూలుగా 105 సెంటీమీటర్లు, అంటే మూడు నాలుగేళ్ల పిల్లంత. లోపలికి పోయేది అందులో సగం, 50 నుంచి 60 సెంటీమీటర్లే. ముక్కు కొన నుంచి చెవి తమ్మె దాకా, అక్కడి నుంచి రొమ్ము ఎముక కింది కొస దాకా కొలిచి, ఎంత దూరం దింపాలో నర్సు గుర్తు పెట్టుకుంటుంది.

● ట్యూబ్ చివర రంగు గమనించారా? ఆకుపచ్చ అయితే 14 నంబరు, నారింజ అయితే 16, ఎరుపు అయితే 18! ఆ నంబరును 3తో భాగిస్తే మిల్లీమీటర్లలో మందం వచ్చేస్తుంది; పారిస్‌లో శస్త్రచికిత్స పనిముట్లు చేసిన షారియేర్ 19వ శతాబ్దంలో పెట్టిపోయిన లెక్క ఇది.

● ప్లాస్టిక్ లేని రోజుల్లో ఏం చేసేవాళ్లు? 1617లో ఇటలీ వైద్యుడు ఫాబ్రీసియస్, ధనుర్వాతంతో దవడలు బిగుసుకుపోయిన రోగులకు ముక్కులోంచి వెండి గొట్టం వేసి ఆహారం పోశాడు! మన పెంబర్తి కళాకారులు రేకును ఎంత నాజూగ్గా మలిచినా, వెండి ముక్కులో వంగుతుందా చెప్పండి! పాపం ఆ రోగులు.

● వెండి కంటే విడ్డూరం ఇంకోటి. 1790లో లండన్ సర్జన్ జాన్ హంటర్ పాము లాంటి ఈల్ చేప చర్మాన్ని ఒలిచి, పుల్లకు తొడిగి, మింగలేని రోగి గొంతులోకి దింపాడు! అందులోంచి గుడ్డు గిలకొట్టిన నీళ్లు, పాలు, చక్కెర పోస్తే ఆ మనిషి కోలుకున్నాడు కూడా.

● మీ రెండు ముక్కు రంధ్రాల్లో ఇప్పుడు ఏది బాగా ఆడుతోంది? వేలు అడ్డం పెట్టి చూసుకోండి! కొన్ని గంటలకోసారి ఒకటి కాస్త మూసుకుని రెండోది తెరుచుకుంటుంది. ట్యూబ్ వేసేముందు నర్సు కూడా ఏ వైపు గాలి బాగా ఆడుతోందో చూస్తుంది. రంధ్రాల మాటొచ్చింది కాబట్టి చెబుతున్నా, భూపాలపల్లి జిల్లా కాళేశ్వరంలో ముక్తీశ్వర లింగానికి కూడా రెండు నాసికా రంధ్రాలున్నాయి. వాటిలో పోసిన నీళ్లు గోదావరి, ప్రాణహితల సంగమానికి చేరతాయని భక్తుల నమ్మకం.

● 'కరెంటు పెడతారట' అనగానే షాక్ కొడుతుందేమోనని భయపడే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వినండి మరి! రేడియేషన్ యంత్రంలో ఎలక్ట్రాన్లను పరుగెత్తించే శక్తి సాధారణంగా 60 లక్షల వోల్టులకు సమానం, అంటే మన ఇంటి ప్లగ్గులోని 230 వోల్టులకు 26 వేల రెట్లు! చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రం 1,100 మెగావాట్లు పుట్టించినా, దాన్ని మోసుకెళ్లే 400 కిలోవోల్టుల లైను ఈ లెక్కకు పదిహేనో వంతే. అయినా రోగికి తగిలేది కరెంటు కాదు, కంటికి కనిపించని ఎక్స్ కిరణాలు. అవి పడేటప్పుడు చీమ కుట్టినంత నొప్పి కూడా ఉండదు.

● ఇంతకన్నా వింత చెప్పనా? గొంతు క్యాన్సర్‌కు మామూలుగా 70 గ్రేల మోతాదును 35 భాగాలు చేసి, వారానికి ఐదు రోజుల చొప్పున 7 వారాలు ఇస్తారు. ఆ శక్తినంతా ఒక్కసారే గ్లాసుడు నీళ్లకు ఇచ్చినా అవి డిగ్రీలో 50వ వంతు కూడా వేడెక్కవు! మరి నోరు అంతలా పూయడమేమిటి? కిరణాలు కణాల్లోని డీఎన్ఏను తెంచుతాయి. నోటి లోపలి పొర ఎప్పటికప్పుడు కొత్తగా పుట్టేది కాబట్టి ఆ దెబ్బ అక్కడ రెండో మూడో వారానికే బయటపడుతుంది.

● ఆ 35 రోజులూ జనగామ నుంచి హైదరాబాద్ వెళ్లొస్తే ఎంత దూరమో లెక్కేశారా? ఒక వైపు సుమారు 85 కిలోమీటర్లు, మొత్తం 5,950! కశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు జాతీయ రహదారి కూడా అంత పొడవు లేదు. ఇక భూపాలపల్లి నుంచైతే, దాదాపు 210 కిలోమీటర్ల లెక్కన, 14,700. భూగోళాన్ని నడిమధ్యన పొడిచి అవతలికి తేలినా 12,742 కిలోమీటర్లే! అందుకే భూపాలపల్లి, మానుకోట వాళ్లు ఆ ఏడు వారాలు నగరంలోనే ఎక్కడో తలదాచుకుంటారు.

● ఆ తలదాచుకునేవాళ్లలో చాలామంది వెళ్లే రెడ్‌హిల్స్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి 1955 నాటిది. ఎం.ఎన్.జె. అంటే మెహదీ నవాజ్ జంగ్. ఆయనే 1960లో గుజరాత్ రాష్ట్రానికి మొట్టమొదటి గవర్నరు!

● కరెంటుకు తోడు వారం వారం ఎక్కించే 'సిస్‌ప్లాటిన్' మందులో బరువును బట్టి 65 శాతం ప్లాటినమే! నగలు చేసే ఆ లోహమే. 1965లో బార్నెట్ రోజెన్‌బర్గ్ అనే అమెరికా శాస్త్రవేత్త బ్యాక్టీరియా ఉన్న నీళ్లలోకి ప్లాటినం కడ్డీలతో నిజంగానే కరెంటు పంపాడు. అవి విభజన చెందడం మానేసి పొడవుగా సాగిపోయాయి. కరెంటు వల్ల కాదు, కడ్డీల నుంచి కరిగిన ప్లాటినం వల్ల!

● నోటి క్యాన్సర్ బాగా ముదిరినవాళ్లకు ఇచ్చే ఒక చవకైన మాత్ర వెనుక భీమవరంలో పుట్టిన తెలుగువాడున్నాడు! యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ ప్రయోగశాలలో పుట్టిన మెథోట్రెక్సేట్ అది. ఆయన పోయింది 1948లో. ఆ మాత్రను మరో మాత్రతో కలిపి ఇస్తే సిస్‌ప్లాటిన్ ఇంజెక్షన్ కంటే మేలని ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు ప్రకటించింది 2020లో.

● ప్రపంచంలో నోటి క్యాన్సర్ వచ్చే ప్రతి ముగ్గురిలో ఒకరు భారతీయులు! 2022 అంచనాల్లో మన దేశంలోని కొత్త కేసులు 1.4 లక్షలు దాటాయి. జర్దా, గుట్కా, అంబర్, పాన్, బీడీ... జాబితా మీకు తెలిసిందే, పొడిగించను.

● అన్నట్టు, చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం ఎక్కడైనా చూశారా? శ్రీకాకుళం ప్రాంతంలో దాన్ని అడ్డపొగ అంటారు, ఎక్కువగా ఆడవాళ్లే కాలుస్తారు! దీనివల్ల అంగిలిలో వచ్చే మచ్చలపై 1971లో అచ్చయిన అధ్యయనం కోసం 10,169 మంది గ్రామస్థుల నోళ్లు తెరిపించి చూశారు.

● పొట్టకు నేరుగా వేసే పైపును 'పెగ్' అంటారు. దాన్ని మొట్టమొదట వేయించుకున్నది ఎవరనుకుంటున్నారు? నాలుగున్నర నెలల పసిపాప! 1979 జూన్ 12న అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో గౌడరర్, పోన్‌స్కీ అనే వైద్యులు కడుపు కోయకుండానే ఆ పని ముగించారు.

● పెగ్ వేసే గదిలో ఓ క్షణం లైట్లు తగ్గిస్తారు. ఎందుకో తెలుసా? నోటి గుండా పంపిన ఎండోస్కోపు దీపం లోపల వెలగగానే పొట్ట మీద చర్మం ఎర్రగా మెరుస్తుంది! ఆ మెరిసిన చోటే వేలితో నొక్కి చూసి సూది దింపుతారు.

● పొట్టకు చిల్లుతో 58 ఏళ్లు బతికినవాడున్నాడు! 1822లో తుపాకీ పేలి అలెక్సిస్ సెయింట్ మార్టిన్ పొట్టకు పడిన చిల్లు పూర్తిగా మూసుకోలేదు. బ్యూమాంట్ అనే సైనిక వైద్యుడు ఆ చిల్లులోంచి పట్టుదారానికి మాంసం ముక్కలు కట్టి వేలాడదీసి, అవి ఎంతసేపటికి అరుగుతాయో రాసుకున్నాడు. మార్టిన్ 1880 దాకా ఉన్నాడు. మరి పెగ్ సంగతో? అవసరం తీరాక తీసేస్తే ఆ చిల్లు మామూలుగా తనంతట తానే పూడిపోతుంది, కుట్టు కూడా అక్కర్లేదు. పొరపాటున ఊడిపోతే మాత్రం గంటల్లోనే మూసుకోవడం మొదలవుతుంది, వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి.

● ముసిముసిగా నవ్వుకోండి, ఫర్వాలేదు! 1881లో తూటా దెబ్బ తిన్న అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌కు చివరి వారాల్లో వైద్యులు ఎనిమా దారిన ఆహారం పెట్టారు: మాంసం రసం, గుడ్డు సొన, విస్కీ! పెద్దపేగు ప్రధానంగా పీల్చుకునేది నీళ్లూ లవణాలే. పాపం ఆయన చిక్కి శల్యమయ్యాడు.

● ముక్కు పైపా, పొట్ట పైపా, ఏది మేలు? ప్రపంచమంతా అడిగే ఈ ప్రశ్నకు జవాబు వెతికిన పరిశోధకులకు గొంతు క్యాన్సర్ రోగుల్లో సరైన పద్ధతిలో పోల్చి చూసిన పరీక్ష ఒక్కటంటే ఒక్కటే దొరికింది, అందులో ఉన్నది 33 మందే! అందులో తేలింది కూడా అటూ ఇటూగానే ఉంది: పొట్ట పైపు వేసుకున్నవాళ్లు దాన్ని ఎక్కువ రోజులు ఉంచుకున్నారు, దాని ఖర్చు పది రెట్లు. మామూలుగా నాలుగు వారాలకు మించి కావాలంటే పెగ్ వైపు మొగ్గుతారు. మన దగ్గర మాత్రం చవకగా, వార్డులోనే పని అయిపోతుందని రైల్స్ ట్యూబే ఎక్కువ కనిపిస్తుంది. నన్నడిగితే అది చిన్న లాభమేం కాదు!

● పైపు ఉంది కదా అని నోటికి సెలవిచ్చేస్తే ప్రమాదం! వాడని గొంతు కండరాలు వారాల్లోనే బలహీనపడతాయి కాబట్టి, డాక్టరు వద్దనకపోతే పైపు ఉన్నా రోజూ కొన్ని గుటకలు నోటితోనే మింగమంటారు.

● గొంతుకూ వ్యాయామశాల ఉంది! నాలుక కొనను పళ్ల మధ్య మెల్లగా పట్టుకుని గుటక వేయండి. వచ్చిందా? కష్టంగా ఉంది కదూ! దీని పేరు 'మసాకో', కనిపెట్టిన జపాన్ పరిశోధకురాలి పేరే. ఇంకోటి 'షేకర్': వెల్లకిలా పడుకుని, భుజాలు లేపకుండా తల ఒక్కటే ఎత్తి కాలి వేళ్లను ఒక నిమిషం చూడాలి, అలా మూడుసార్లు, ఆ తర్వాత 30 సార్లు తల ఎత్తి దించాలి. కుర్రాళ్లకే చెమట పడుతుంది!

● కొబ్బరి బొండాలతోనే రోగి కడుపు నింపాలంటే రోజుకు ఎన్ని కావాలి? పాతికకు పైనే! 50 కిలోల మనిషికి చికిత్సలో రోజుకు కనీసం 1,500 క్యాలరీలు కావాలి, లీటరు కొబ్బరి నీళ్లలో ఉండేవి ఇంచుమించు 200. పలచటి గంజి కథా అంతే. అదే ఒక్క చెంచా నూనె కలిపితే 45 క్యాలరీలు, ఒక గుడ్డుకు 70! 'పైపులోంచి గంజి ఒక్కటే పోయాలి' అన్న మాట ఎక్కడ పుట్టిందో గానీ చాలామందిని ఎండగట్టింది.

● రాగి జావ చల్లారితే గడ్డకట్టి పైపులో ఇరుక్కుంటుంది. అయితే దానికో చిట్కా ఉంది! మొలకెత్తించి ఎండబెట్టిన రాగుల పిండి ఒక్క చెంచా ఆ వేడి జావలో కలిపితే కొద్ది నిమిషాల్లోనే చిక్కదనం విరిగి పలచబడుతుంది. మొలకలోని అమైలేజ్ అనే ఎంజైము పిండిపదార్థాన్ని కత్తిరించేస్తుంది, క్యాలరీలు మాత్రం ఎక్కడికీ పోవు. మళ్లీ ఒక పొంగు రానిచ్చి, పలచటి గుడ్డలో వడగట్టి, గోరువెచ్చగా పోయడమే.

● పైపు మూసుకుపోతే కూల్‌డ్రింక్ పోయమని పక్క మంచం వాళ్లు సలహా ఇస్తారు. వినకండి! అందులోని ఆమ్లానికి పాలూ పప్పూ విరిగి ఇంకా బిగుసుకుంటాయి. గోరువెచ్చని నీళ్లే మంచి మందు. ప్రతిసారీ ముందూ వెనకా 30 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే ఆ తిప్పలు చాలావరకు తప్పుతాయి.

● సిరంజితో పోసేటప్పుడు పిస్టన్ నొక్కనక్కర్లేదు! సిరంజిని ఎత్తి పట్టుకుంటే చాలు, భూమ్యాకర్షణే పని చేస్తుంది. రోగి కూర్చుని ఉండాలి, పోశాక అరగంట నుంచి గంట దాకా పడుకోకూడదు. పడుకుంటే పోసింది ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి జారొచ్చు.

● మన పేగులకు కూడా తీపి తెలుసు! నాలుక మీద ఉండే తీపి గ్రాహకాలు పేగు గోడల్లోనూ ఉన్నాయని 2007లో తేల్చారు. ఆ కబురు నోటిదాకా రాదంతే.

● మానుకోట మిర్చి మండుతుంది కదా, దాంతో నోటి పుండ్ల నొప్పి తగ్గిస్తామంటే ఒప్పుకుంటారా? 1995లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు మిరపలోని క్యాప్సైసిన్‌ను చాక్లెట్ లాంటి మెత్తటి మిఠాయిలో కలిపి 11 మంది రోగులకు ఇస్తే కాసేపు నొప్పి తగ్గింది! మంట పుట్టించే నరాలు కొంతసేపటికి అలిసి మొద్దుబారతాయి మరి. ఇంట్లో మాత్రం ప్రయత్నించకండి బాబోయ్!

● బుగ్గ లోపల వెంట్రుకలు మొలవడం విన్నారా? బుగ్గనో నాలుకనో తీసేశాక మన ఆస్పత్రుల్లో తరచూ ఛాతీ కండరాన్ని చర్మంతో సహా పైకి తిప్పి అక్కడ అతికిస్తారు; ఛాతీ మీద జుట్టున్న మగవాళ్లకు అది నోట్లోనూ మొలుస్తుంది! కరెంటు పెట్టాక చాలామందిలో రాలిపోతుందనుకోండి.

● స్వరపేటికను మొత్తంగా తీసేసిన మొదటి ఆపరేషన్ 1873 డిసెంబర్ 31న వియన్నాలో బిల్‌రోత్ చేశాడు. ఈ ఆపరేషన్ అయినవాళ్లు ఇప్పుడు దేంతో మాట్లాడతారో తెలుసా? అన్నవాహికతో! మెడ దగ్గర అమర్చిన చిన్న కవాటం గుండా గాలి దాంట్లోకి పోయి, గోడలు కంపించి మాట పుడుతుంది.

● 'రోగికి ఎలా ఉంది?' అన్నదాన్ని కూడా అంకెల్లో కొలుస్తారు! యూరప్ వైద్యులు తయారుచేసిన ఒక ప్రశ్నాపత్రంలో 35 ప్రశ్నలుంటాయి. పైపు వాడారా అని ఒకటి, ఇంట్లోవాళ్ల ముందు తినడానికి ఇబ్బందిగా ఉందా అని ఒకటి, బయటివాళ్ల ముందైతే ఎలా అని మరొకటి. ఇంకో కొలబద్దలో తిండికి వందకు మార్కులు వేస్తారు: పైపు ఒక్కటే అయితే 0, చల్లటి ద్రవాలు తాగితే 10, మెత్తగా రుబ్బినది తింటే 30, పచ్చి క్యారెట్ కొరికితే 70, మాంసం నమిలితే 80! పెళ్లి భోజనంలో బంతిలో కూర్చుని మటన్ తినగలిగినవాడు డిస్టింక్షన్‌లో పాసైనట్టే.

● తినలేని మనిషి వంటల పుస్తకం రాస్తాడా? రాశాడు! అమెరికా సినిమా విమర్శకుడు రోజర్ ఈబర్ట్ 2006లో క్యాన్సర్ వల్ల కింది దవడ పోగొట్టుకుని, మళ్లీ నోటితో తినలేదు, మాట్లాడలేదు. పొట్ట పైపు మీదే బతుకుతూ 2010లో పుస్తకం అచ్చువేశాడు. దేని గురించో తెలుసా? రైస్ కుక్కర్లో ఏమేం వండొచ్చో!

● 2016 అక్టోబర్ 11కు ముందు జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి అనే జిల్లాలే లేవు. ఇప్పుడు మూడింటికీ ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి! మహబూబాబాద్‌ది 2022లో, మిగతా రెండూ 2023లో మొదలయ్యాయి.

● తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలైన రోజూ, ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమైన రోజూ ఒక్కటే: 2023 డిసెంబర్ 9! కరెంటు కోసం నగరానికి తిరిగే జనగామ అవ్వకు రెండూ కలిసొచ్చాయి.

● మంచం దిగలేని రోగికి పైపు మార్చడానికి నర్సు ఇంటికే వస్తుందంటే నమ్ముతారా? ప్రభుత్వ పాలియేటివ్ కేర్ (ఉపశమన సేవల) కేంద్రాల నుంచి 'ఆలన' వాహనాలు ఊళ్లకు తిరుగుతాయి, డబ్బు తీసుకోరు. మీ వాడకట్టులో ఎవరికైనా అవసరమైతే జిల్లా ఆస్పత్రిలో అడిగి చూడండి.

● చివరగా మీకో పరీక్ష! చూపుడు, నడిమి, ఉంగరం వేళ్లు మూడూ ఒకదాని మీద ఒకటిగా నిలువునా నోట్లో పట్టాయా? పడితే మీ నోరు సరిగ్గానే తెరుచుకుంటోంది. 35 మిల్లీమీటర్ల కంటే తక్కువ తెరుచుకుంటే దవడ బిగుసుకుంటున్నట్టు లెక్క. కరెంటు అయినవాళ్లు ఐస్‌క్రీం పుల్లలు దొంతరగా పళ్ల మధ్య పెట్టి, క్రమంగా పుల్లలు పెంచుకుంటూ దవడను సాగదీసుకుంటారు. ఇంట్లో జర్దా నమిలే మామయ్యకో, గుట్కా దాచుకునే అన్నయ్యకో ఈ సాయంత్రమే మూడు వేళ్ల పరీక్ష పెట్టండి. పట్టకపోయినా, మూడు వారాలైనా మానని పుండు నోట్లో కనిపించినా, వెంటనే దంతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. మానేస్తానంటే 1800-11-2356కు ఫోన్ చేయించండి, పైసా ఖర్చుండదు!